అరువు ప్రార్థనలు: ఒక విశ్వాసి దినచర్య నేర్పిన సంగతులు

జూన్ నెలలో ఒక బుధవారం, స్త్రీల కూడిక ముగిసి అందరూ వెళ్లిపోయాక ఒక సహోదరి మాత్రం చాపలు మడత పెడుతూ ఆగిపోయింది. నా భార్య దగ్గరికి వచ్చి, "అమ్మగారూ, మా వారి కోసం ప్రార్థన చేయండి. తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఇంట్లో రోజంతా వాక్యమే వినబడుతుంది. కానీ ఆయన లోపల ఏదో ఆరిపోయినట్టుంది" అని చెప్పింది. ఆ రాత్రి నా భార్య ఈ మాట చెప్పినప్పుడు నేను అంతగా పట్టించుకోలేదు. రోజంతా వాక్యం వినబడే ఇంట్లో విశ్వాసం ఆరిపోవడం ఏమిటి అనుకున్నాను. ఆ ప్రశ్నకు జవాబు తెలియడానికి నాకు దాదాపు మూడు నెలలు పట్టింది.

గుంటూరు ప్రాంతంలో ఒక సంఘానికి ఇరవై రెండేళ్లుగా కాపరిగా ఉన్నాను. ఈ కేసును రాయడానికి ఆ భార్యాభర్తలు ఒప్పుకున్నారు. రాసినది ముందుగా వాళ్లే చదివారు. వాళ్లను గుర్తుపట్టగల వివరాలు కొన్ని మార్చాను. ఇళ్లు దర్శించే కాపరులకు, సంఘ పెద్దలకు, ముఖ్యంగా మొదట్లో నేను చేసిన పొరపాటు చేయబోయేవారికి ఇది పనికొస్తుందని నా నమ్మకం.

నేపథ్యం

ఆయనకు 41 సంవత్సరాలు. మిర్చి నిల్వ చేసే కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరు. ఫిబ్రవరి నుంచి మే వరకు అక్కడ పగలూ రాత్రీ తేడా ఉండదు. లారీలు వరుసగా నిలబడతాయి, టిక్కీలు (మిర్చి బస్తాలు) కాటా మీదికి ఎక్కుతాయి, దిగుతాయి. ఆ నాలుగు నెలలు ఆదివారం కూడా మామూలు రోజే. భార్య ఇంట్లో బట్టలు కుడుతుంది. కొడుకు పదో తరగతి, కూతురు ఏడో తరగతి.

"మేము ఐదో తరం క్రైస్తవులం అండీ" అని ఆయన గర్వంగా చెప్పుకునేవారు. ఆ గర్వానికి ఆధారం ఉంది. వాళ్ల పూర్వీకులది ఒంగోలు వైపు పల్లె. 1876-78 కరవులో మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని ఆకలితో ఉన్నవారికి పని చూపించాడు. కూడు కోసం మతంలోకి వస్తున్నారన్న మాట రాకూడదని ఆ రోజుల్లో బాప్తిస్మాలు ఆపేశాడు. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నది ఒడ్డున ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం పొందారు. ఆ కాలంలోనే తమ ముత్తాత తండ్రి కూడా బాప్తిస్మం తీసుకున్నాడని వాళ్ల ఇంట్లో చెప్పుకుంటారు. పండుగలకు చుట్టాలు కలిస్తే ఈ కథ తప్పకుండా వస్తుంది. ఇంత మంచి కథ ఉన్న ఇంటికి ఒక ప్రమాదం కూడా ఉంటుంది. విశ్వాసం ఇంటి పేరులాగా పుట్టుకతోనే వచ్చేస్తుందని, దానికి రోజూ పెట్టవలసిన మేత ఏదీ లేదని అనిపించవచ్చు.

యువకుడిగా ఉన్నప్పుడు ఆయన యూత్ సెక్రటరీ. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టడం నుంచి ఉజ్జీవ కూటాలకు షామియానా తెప్పించడం వరకు అన్నింటికీ ఆయనే ముందు. ఇప్పటికీ ఏ పని చెప్పినా కాదనరు. అందుకే ఆయన ఎండిపోతున్న సంగతి మా కంటికి కనబడలేదు. పని చేస్తున్న చేతులనే చూశాం.

మొదటి అంచనా, నా పొరపాటు

జూన్ చివరలో ఇంటికి వెళ్లి కలిశాను. ఇలాంటి సందర్భాల్లో నేను మొదట అడిగేవి ఆత్మసంబంధమైన ప్రశ్నలు కావు. నిద్ర ఎలా ఉంది, ఆకలి ఎలా ఉంది, ఇంతకుముందు ఇష్టమైన పనులు ఇప్పుడు చేయబుద్ధి అవుతోందా, బతకాలని లేదన్న ఆలోచన ఎప్పుడైనా వచ్చిందా అని నెమ్మదిగా అడుగుతాను. కుంగుబాటు, ఆత్మీయ ఎండుదనం బయటికి ఒకేలా కనబడతాయి. రెండు వారాలకు మించి దాదాపు రోజంతా దిగులు పట్టి ఉన్న మనిషికి ఉపవాస ప్రార్థన ఒక్కటే చెప్పి పంపడం కాపరి చేయదగ్గ పని కాదు. అలాంటివారిని వైద్యుని దగ్గరికి పంపాలి. ప్రభుత్వం నడిపే మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్ నంబరు 14416 నా బైబిలు అట్ట లోపల రాసి ఉంటుంది. ఈయనకు ఆ లక్షణాలు లేవు. అయినా ఒకసారి పరీక్ష చేయించుకోమన్నాను. రక్తపోటు కొద్దిగా ఎక్కువ ఉందని తేలింది. రాత్రి పన్నెండున్నర వరకు ఫోను చూస్తున్నారని, నిద్ర ఐదు గంటలకు మించడం లేదని కూడా అప్పుడే తెలిసింది.

ఆ తరువాత నేను తప్పటడుగు వేశాను. రహస్య పాపం ఏదో ఉందని నా మనసు అనుమానించింది. అది బయటపడకపోవడంతో, వాక్యపఠనం తక్కువైందని తీర్మానించి, ఏడాదిలో బైబిలు మొత్తం చదివే పట్టిక చేతిలో పెట్టాను. మామూలు రోజుల్లో మూడు అధ్యాయాలు, ఆదివారం ఐదు. 66 పుస్తకాల్లోని 1,189 అధ్యాయాలు ఈ లెక్కన ఏడాదిలో పూర్తవుతాయి. నేను స్వయంగా ఎన్నో ఏళ్లు ఇలాగే చదివాను. నాకు మేలు చేసింది కాబట్టి ఆయనకూ చేస్తుందనుకున్నాను.

ఆయన 24వ రోజున ఆగిపోయారు. నిర్గమకాండం 26వ అధ్యాయం, ప్రత్యక్ష గుడారపు పలకల కొలతల దగ్గర. ఆ రోజు లోడు ఆలస్యమై ఇంటికి వచ్చేసరికి పదకొండు దాటింది. మరుసటి రోజు ఆరు అధ్యాయాలు చదవాలి. ఆ మరుసటి రోజు తొమ్మిది. బాకీలు, నిల్వలు లెక్క చూడడమే ఆయన వృత్తి. రెండు వారాల తరువాత నేను కనబడితే తల దించుకుని, "అయ్యగారూ, 46 అధ్యాయాలు బాకీ పడ్డాను" అన్నారు. ఆ ముఖం నాకు ఇప్పటికీ గుర్తుంది. దేవుని మాటను ఒక అప్పుగా మార్చి ఆయన నెత్తిన పెట్టింది నేనే. అలసిన మనిషికి బరువు ఎత్తించాను. బదరీ వృక్షం కింద చచ్చిపోతే బాగుండునని పడుకున్న ఏలీయా ప్రవక్తకు దేవదూత ముందుగా పెట్టినది రొట్టె, నీళ్లు. రెండు సార్లు తినిపించి, మధ్యలో నిద్రపోనిచ్చాకే హోరేబు కొండకు ప్రయాణం మాట వచ్చింది. ఆ భాగం మీద ఎన్నోసార్లు ప్రసంగించినా, ఈ ఇంట్లో దాన్ని పాటించలేదు.

చిట్టా పుస్తకం

ఆగస్టు మొదట్లో మళ్లీ వెళ్లాను. పట్టిక పక్కన పెట్టేయమని చెప్పి, ఒక వారం రోజులు ఉన్నది ఉన్నట్టు రాయమన్నాను. లేవగానే మొదట ఏమి ముట్టుకున్నారు, వాక్యం ఎప్పుడు విన్నారు, ఎప్పుడు చదివారు, ఎప్పుడు ప్రార్థన చేశారు, ఆ ప్రార్థన ఎవరి నోటి నుంచి వచ్చింది. చివరి ప్రశ్న అప్పటికప్పుడు నోటికి వచ్చినది. దాని విలువ నాకు అప్పుడు తెలియదు.

ఆయన కోల్డ్ స్టోరేజీ చిట్టా పుస్తకం లాంటిదే ఒకటి కొని, గీతలు గీసి, శ్రద్ధగా రాశారు. ఒక రోజు పేజీ ఇలా ఉంది. ఉదయం 5.40 లేచుట, ఫోను. 5.45 నేటి వాగ్దానం నాలుగు గ్రూపులకు పంపుట. 6 నుంచి 7.30 వరకు ప్రసంగం, పళ్లు తోముకుంటూ, స్నానం, టీ, బండి తుడుస్తూ. 8.10 బండి మీద వెళ్తూ చెవిలో పాటలు. మధ్యాహ్నం గ్రూపులో ప్రార్థన మనవులకు ఆమేన్ పెట్టుట, ఏడు. రాత్రి 9.30 నుంచి ఆన్‌లైన్ ప్రార్థన కూటం, అన్నం తింటూ. 11 నుంచి 12.30 ఫోను. చివరి గడిలో, ప్రార్థన ఎవరి నోటి నుంచి అన్న చోట, ఒక్కొక్క దానికీ "బోధకుడు", "గ్రూపు", "కూటం" అని రాసి ఉంది.

వారమంతా కలిపి చూశాం. ఆయన ఇతరులకు పంపిన వాక్యాలు 38. "నిన్న పంపిన వాక్యం ఏదండీ?" అని అడిగాను. ఆలోచించారు. భార్య వైపు చూశారు. ఫోను తీయబోయి ఆగారు. "గుర్తు రావడం లేదు అయ్యగారూ" అన్నారు. తన నోటితో తాను ప్రార్థన చేసినది ఆ వారంలో రెండు సార్లు. రెండూ ఇంటికి చుట్టాలు వచ్చినప్పుడు, భోజనానికి ముందు.

వంటింటి గట్టు మీద, బియ్యం డబ్బా పక్కన నిలబెట్టిన ఫోనులో అప్పుడు కూడా ఎవరో ప్రసంగిస్తున్నారు. ఆమె లేచి దాన్ని ఆపింది. ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దమైంది. పక్క గదిలో ఫ్యాను చప్పుడు వినబడింది. "మా ఇంట్లో ఈ వేళప్పుడు ఇంత నిశ్శబ్దం ఎప్పుడూ లేదు" అంది ఆమె.

ఇక్కడ నా పాఠకులలో కొందరు ఆగి, "వినుట వలన విశ్వాసము కలుగును" అని రోమా పత్రిక 10:17 చూపిస్తారు. చూపించాలి కూడా. నేను వినడాన్ని తక్కువ చేయడం లేదు. ఫోనులో వచ్చిన ప్రసంగం వల్ల మారిన జీవితాలు మా సంఘంలోనే ఉన్నాయి. మంచం పట్టిన మా ముసలి తల్లులకు ఆ చిన్న పెట్టే గుడి. అయితే అదే అధ్యాయం పదో వచనం హృదయంలో విశ్వసించిన మనిషి నోటితో ఒప్పుకుంటాడని చెబుతుంది. చెవికి నోరు బదులు కాదు. ఈయన విషయంలో జరిగింది అదే. విన్న ప్రసంగం చదవడం స్థానంలో కూర్చుంది. పంపిన వాక్యం ధ్యానం స్థానంలో కూర్చుంది. ఆమేన్ అని పెట్టిన గుర్తు ప్రార్థన స్థానంలో కూర్చుంది. పని చేసిన చేతులు సహవాసం స్థానంలో కూర్చున్నాయి. ఏదీ చెడ్డది కాదు, కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. పూర్తిగా మానేసినవాడు ఏదో ఒక రోజు ఆకలితో లేస్తాడు. ఈయనకు ఆకలి తెలియకుండా కడుపు నిండినట్టే ఉండేది.

మరొక చిన్న సంగతి ఆ వారం బయటపడింది. రోజుకు నాలుగైదు ప్రసంగాలు వినేసరికి బోధకులను పోల్చి చూడడం ఇంట్లో అలవాటైంది. ఆదివారం భోజనాల దగ్గర ఆ రోజు ప్రసంగం బాగుందా లేదా అన్న చర్చ. పిల్లవాడు నా ఎదుటే, "నాన్నా, ఈ భాగం ఫోనులో ఆయన ఇంకా బాగా చెప్పారు కదా" అన్నాడు. పిల్లవాడి తప్పు లేదు. వాక్యం తీర్పు తీర్చవలసిన చోట, మనమే వాక్యానికి మార్కులు వేసేవాళ్లుగా కూర్చోవడం వాడు చూస్తున్నాడు.

మూడు వాక్యాలు

ఆగస్టు చివరి వారంలో కొత్తగా మొదలుపెట్టాం. రోజుకు బైబిలులోని కీర్తనల గ్రంథం నుంచి ఒక కీర్తన. భార్యాభర్తలు ఇద్దరూ, వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, బిగ్గరగా చదవాలి. అచ్చు పుస్తకంలో చదవాలి. 119వ కీర్తన లాంటి పెద్దదైతే ఎనిమిదేసి వచనాల చొప్పున 22 రోజులు. ఒక రోజు తప్పితే ఆ కీర్తన బాకీ కాదు, మరుసటి రోజు దాని దగ్గరే మొదలుపెట్టాలి. చదివాక ఎవరికి వారు మూడు వాక్యాలు ప్రార్థన చేయాలి. ఫోను ఛార్జరు మంచం పక్క నుంచి హాల్లోకి మారాలి. ఇంతే. కొడుకును, కూతురిని బలవంతం చేయవద్దని చెప్పాను.

మొదటి రోజు నన్ను కూడా ఉండమన్నారు. ఒకటో కీర్తన చదివారు. ఆయన కళ్లు మూసుకుని ప్రార్థన ఎత్తుకున్నారు. ధారాళంగా, గ్రాంథికంలో, "పరిశుద్ధుడవును, మహోన్నతుడవును" అంటూ నాలుగు నిమిషాలు. చక్కని ప్రార్థన. అందులో ఆ రోజు లేదు, ఆ ఇల్లు లేదు, ఆయన లేరు. నేను మృదువుగా ఆపి, "మీ నాన్నగారు బతికి ఉండి ఈ గుమ్మంలో నిలబడితే ఏమి చెబుతారో అది చెప్పండి. మూడు వాక్యాలే" అన్నాను.

ఆయన మౌనంగా ఉండిపోయారు. ఒక నిమిషం గడిచింది. రెండు నిమిషాలు. కుక్కర్ ఈల వేస్తే ఆమె వెళ్లి స్టవ్ కట్టేసి వచ్చి మళ్లీ నిలబడింది. ఆయన కుడి చేతి బొటనవేలు బైబిలు అంచు మీద అటూ ఇటూ కదులుతోంది. ఆఖరికి నోరు తెరిచారు. "తండ్రీ, అన్నయ్య ముఖం చూడాలంటే నాకు కష్టంగా ఉంది." అంతే. రెండో వాక్యం రాలేదు.

అన్నదమ్ములు ఇద్దరూ మా సంఘంలోనివారే. అన్నయ్య తీసుకున్న అప్పుకు ఈయన హామీ సంతకం పెట్టారు. అన్నయ్య కట్టలేదు. రూ.1,80,000 ఈయన కట్టవలసి వచ్చింది. కూతురి పేరున దాచిన డబ్బు అందులో పోయింది. ఇద్దరూ పరువు కోసం ఎవరికీ చెప్పలేదు. గుడిలో వందనాలు చెప్పుకునేవారు, అంతకు మించి మాట లేదు.

ఇంటికి వచ్చి నా డైరీలు తిరగేశాను. అప్పుడు నాకు కనబడినది ఇంతకుముందే కనబడవలసింది. ఏడాదికి పైగా ప్రతి నెలా మొదటి ఆదివారం, ప్రభు భోజనం ఇచ్చే రోజు, ఆయన రాలేదు. మిగతా ఆదివారాలు ఆలస్యంగానైనా వచ్చేవారు, ఆశీర్వాదం కాకముందే వెళ్లిపోయేవారు. సీజన్ పని అని చెప్పేవారు, నేను నమ్మాను. సెప్టెంబరులో మిర్చి సీజన్ ఏమిటని నాకు తోచలేదు. అన్న మీద కోపం పెట్టుకుని రొట్టె విరవలేక దూరంగా నిలబడ్డారు. ఇది నన్ను చాలా కదిలించింది. ఆరిపోయిందనుకున్న చోట నిప్పు ఉంది. ప్రభు భోజనపు బల్ల అంటే భయభక్తులు లేని మనిషి వచ్చి తీసుకుని వెళ్లిపోయేవాడు.

ఆ ఒక్క వాక్యానికి ఏడాది కాలం ఎందుకు పట్టిందో ఆలోచించాను. ఆ ఏడాదిలో ఆయన చెవిన పడిన ప్రార్థనలు వందల్లో ఉంటాయి. వాటిలో ఏ ఒక్కటీ ఆయన అన్నయ్య గురించి కాదు. అరువు తెచ్చుకున్న ప్రార్థనలో మన గాయం పేరు ఉండదు. అందుకే అది సుఖంగా ఉంటుంది.

బిషప్ అజరయ్య గురించి మా పెద్దలు చెప్పే సంగతి ఒకటి ఈ సందర్భంలో నాకు గుర్తొచ్చింది. 1912లో ఆయన దోర్నకల్ బిషప్‌గా అభిషేకం పొందారు, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్. బాప్తిస్మం పొందిన గ్రామస్థుల చేత ఆయన తమ తల మీద తామే చేయి పెట్టుకుని, తాను బాప్తిస్మం పొందిన క్రైస్తవుడినని, సువార్త ప్రకటించకపోతే తనకు శ్రమ అని బిగ్గరగా చెప్పించేవారు. చదువు రాని కూలీలు వాళ్లు. మొదటి రోజు నుంచే వాళ్ల నోరు తెరిపించారు.

అన్నయ్య ఇంటికి

"నీమీద నీ సహోదరునికి విరోధమేమైనను కలదని" జ్ఞాపకం వస్తే అర్పణం బలిపీఠం ముందు విడిచి వెళ్లమని మత్తయి 5లో ప్రభువు చెప్పిన మాటను నేను ఆయనకు ప్రసంగించలేదు. ఆ మాట ఆయనకు తెలుసు, అందుకే బల్లకు రావడం లేదు. నేను చేసిందల్లా నాలుగు వారాలు అదే గుమ్మం దగ్గర వాళ్లతో కలిసి నిలబడడం. 13వ కీర్తన చదివిన రోజు, "ఎన్నాళ్లవరకు" అన్న ప్రశ్న మళ్లీ మళ్లీ రావడం చూసి, "ఇలా అడగవచ్చా అండీ?" అన్నారు. అడగవచ్చన్నాను. ఆ రోజు మూడు వాక్యాలు పూర్తయ్యాయి.

అక్టోబరులో ఒక సాయంత్రం భార్యతో కలిసి అన్నయ్య ఇంటికి వెళ్లారు. నేను వెంట వెళ్లలేదు, వెళ్లకూడదని కూడా అనుకున్నాను. వదిన టీ ఇచ్చింది. డబ్బు మాట ఈయన ఎత్తలేదు, ఆయనా ఎత్తలేదు. లేచేటప్పుడు ఈయన, "అన్నయ్యా, నీ మీద కోపంతో ఏడాదిగా బల్లకు రాలేదు. ఇక ఉండలేను" అన్నారట. అన్నయ్య మాట్లాడకుండా వీధి గుమ్మం దాకా వచ్చారట. తరువాత నెలకు రూ.5,000 చొప్పున నాలుగు నెలలు తెచ్చి ఇచ్చారు. ఐదో నెల ఆగింది. మిగతాది వస్తుందో రాదో తెలియదు. ఈయనకు ఇప్పటికీ కొన్ని రాత్రులు కోపం వస్తుంది. క్షమించడం ఒక్క సాయంత్రంతో ముగిసిపోలేదు. కానీ నవంబరు మొదటి ఆదివారం ఆయన వచ్చారు. అన్నయ్య ముందు వరుసలో, ఈయన వెనుక వరుసలో. రొట్టె అందిస్తున్నప్పుడు చేతులు వణికాయి.

సీజన్‌లో

ఇంతవరకు చదివి అంతా బాగుపడిందనుకోవద్దు. ఫిబ్రవరి మధ్యలో లారీలు మొదలయ్యాయి. మార్చిలో వరుసగా మూడు ఆదివారాలు ఆయన రాలేదు. చిట్టా పుస్తకంలో ఆ నెల 31 రోజుల్లో కీర్తన చదివినవి 17. పాత అలవాటు కూడా తిరిగి వచ్చింది, అలసట ఎక్కువైన రాత్రుల్లో ఫోను చేతిలోనే నిద్రపోయేవారు.

ఈసారి నేను తొందరపడలేదు. ఆ 17 రోజులు ఎలా సాధ్యమయ్యాయని అడిగాను. రాత్రి తొమ్మిదింటికి కాటా గది నుంచి భార్యకు ఫోను చేసేవారట. మిర్చి ఘాటుకు తుమ్ములు ఆగకపోతే తుండుగుడ్డ ముక్కుకు అడ్డం కట్టుకుని ఆమె చదివేది వినేవారు, తరువాతి వచనం తాను చెప్పేవారు. ప్రసంగాలు మోగిన అదే ఫోను. కాపరులు ఫోనును శత్రువుగా చిత్రించి ప్రసంగించడం నాకు సరైనదిగా అనిపించదు. దాన్లో ఎవరి గొంతు వినబడుతోంది, మన గొంతుకు అందులో చోటు ఉందా అన్నదే నేను అడుగుతాను.

ఆదివారాల విషయంలో మాత్రం ఒక ఏర్పాటు చేశాం. సీజన్‌లో యార్డులు, గోదాములలో పనిచేసే మా సంఘస్థులు ఆరుగురు ఉన్నారు. ఆరాధనకు రాలేనివారి కోసం సోమవారం ఉదయం ఐదున్నరకు ఒక ఇంట్లో అరగంట కూడిక పెట్టాం. సమాజముగా కూడుట మానవద్దన్న హెబ్రీ పత్రిక మాటకు వేళ రాసి లేదు. ఇది నేను ఇరవై ఏళ్ల కిందటే చేయవలసిన పని. ప్రతి ఏడాదీ ఆ నాలుగు నెలలు వాళ్లు రావడం లేదని బాధపడ్డానే తప్ప, సంఘం వాళ్ల దగ్గరికి వెళ్లవచ్చని ఆలోచించలేదు.

పిడికెడు బియ్యం

ఈ కేసులో నేను ఆయన గురించే ఎక్కువ రాశాను. కానీ ఆ ఇంటిని నిలబెట్టిన అలవాటు ఆమెది. వంటింటి గట్టు మీద ఫోను పక్కన ఉన్న డబ్బా గురించి పైన చెప్పాను. అందులోది వాళ్లు వండుకునే బియ్యం కాదు. ప్రతి పూటా ఎసట్లో పోయడానికి బియ్యం కొలిచాక, కడగకముందు, ఆమె ఒక పిడికెడు తీసి అందులో వేస్తుంది. నెలాఖరుకు అది గుడికి వస్తుంది. ఇది మన పల్లె సంఘాల్లోని పాత అలవాటు, ఇప్పుడు చాలా ఇళ్లలో పోయింది. ఆమెకు వాళ్ల అమ్మ నేర్పింది. డబ్బు పోయిన ఏడాది కూడా ఆమె ఆ పిడికెడు మానలేదు. పిడికిలి మూసేటప్పుడు ఇంట్లో ఒకరి పేరు చెప్పుకుంటుందట, పూటకొకరు. ఆ ఏడాదంతా భర్త పేరే ఎక్కువ సార్లు చెప్పానని నా భార్యతో అంది.

వర్షాకాలం మొదట్లో వాళ్ల అమ్మకు జబ్బు చేసి ఆమె పుట్టింటికి వెళ్లవలసి వచ్చింది. ఆయనే వంట చేశారు. తిరిగి వచ్చి చూస్తే డబ్బాలో బియ్యం పెరిగింది. "నువ్వు చెప్పలేదు కదా, నాకే తోచింది" అన్నారట. కొడుకు కూడా రెండు మూడు పూటలు వేశాడని తరువాత తెలిసింది. ఆ పిల్లవాడు ఇంకా కీర్తన దగ్గర నిలబడడు. ఆ వేళకు గదిలోంచి బయటికి వచ్చి, గోడకు ఆనుకుని, ఫోను చూస్తున్నట్టు నిలబడతాడు. నేను ఏమీ అనవద్దన్నాను.

ప్రస్తుతం

ఆగస్టులో ఆ సహోదరి అమ్మ చనిపోయింది. మట్టి చేసి వచ్చిన రాత్రి పదింటికి ఆయన నాకు ఫోను చేశారు. చుట్టాలు ఇంట్లోనే ఉన్నారు, వెనుక మాటలు వినబడుతున్నాయి. కీర్తనలు రెండోసారి చదువుతున్నారు, వరుసలో ఆ రోజుది 88వది.

"అయ్యగారూ, ఈ కీర్తన ముందే చూసుకున్నాను. దీని చివర వెలుగు లేదండీ, చీకటి అన్న మాటతో ఆగిపోయింది. ఆమె ఏడుస్తోంది. ఇదే చదవమంటారా, వేరేది ఏదైనా చూసుకోమంటారా?"

"మీకు ఏమనిపిస్తోంది?" అని అడిగాను.

కొంతసేపు ఆలోచించారు. "ఇవాళ మా ఇంట్లో ఉన్నది ఇదే కదా అండీ" అన్నారు.

చదవమన్నాను. ఫోను పెట్టేయడం మరిచిపోయారు. గుమ్మం దగ్గర ఇద్దరూ ఒక వచనం తరువాత ఒకటి చదవడం నాకు వినబడింది. మధ్యలో ఆమె గొంతు ఆగిపోతే, ఆ వచనం మూడో గొంతు ఎవరిదో అందుకుంది. అది పిల్లవాడిది.